శరణార్థులా, కూలి కోసం వచ్చినవారా? బర్మా వలసల వెనుక ఉన్న ఒత్తిళ్ళు

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. థాయిలాండ్, మలేషియా, మిజోరాం, జపాన్‌లలో కనిపించే బర్మా (మయన్మార్) ప్రజలు శరణార్థులా, కూలి కోసం వెళ్ళినవారా అన్నది మొదటిది. ఇదంతా 2021 నాటి సైనిక తిరుగుబాటుతోనే మొదలైందా అన్నది రెండోది. అక్కడ శాంతి నెలకొంటే వాళ్ళు ఇళ్ళకు తిరిగి వెళ్ళిపోతారా అన్నది మూడోది. థాయిలాండ్‌లో బర్మా కార్మికుల పత్రాలు, జీతాల తగాదాలు, ఆసుపత్రి వ్యవహారాలు చూసే పనిలో చాలా ఏళ్ళు ఉన్నాను కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం సాధ్యం కాదు. శరణార్థి, వలస కూలీ అనే రెండు పేర్లూ ఆ మనుషులు ఇల్లు వదిలిన కారణాన్ని బట్టి పడినవి కావు. వాళ్ళు ఏ దేశంలో అడుగుపెట్టారు, ఏ సంవత్సరంలో పెట్టారు, చేతిలో ఏ కాగితం ఉంది అన్నదాన్ని బట్టి పడ్డాయి. దీన్ని అర్థం చేసుకోవడానికి, బర్మాలోని మైనారిటీ జాతుల్లో ఒకటైన షాన్ ప్రజల ఉదంతం కంటే మంచి ఉదాహరణ లేదు.

తిరుగుబాటు దళాలకు తిండి, డబ్బు, సమాచారం, కొత్త మనుషులు అందకుండా చేయాలన్నది బర్మా సైన్యం 1960ల నుంచి అమలుచేస్తున్న ‘నాలుగు కోతల’ వ్యూహం. ఆ వ్యూహం కిందనే 1996 నుంచి 1998 వరకు షాన్ రాష్ట్రపు మధ్య ప్రాంతంలో 1,400కు పైగా ఊళ్ళను ఖాళీ చేయించి, 3 లక్షల మందికి పైగా జనాన్ని సైనిక శిబిరాల దగ్గరి స్థలాలకు తరిమారు. పాత పొలానికి వెళ్ళి కనిపించినవారిని కాల్చి చంపిన సంఘటనలు ఎన్నో నమోదయ్యాయి. దున్నడానికి భూమి లేక, కొత్త చోట బతుకు లేక, ఆ రైతుల్లో ఎందరో సరిహద్దు దాటి థాయిలాండ్‌లోని ఫాంగ్, చియాంగ్ మాయ్ ప్రాంతాలకు చేరారు. అప్పటికే బర్మాలోని మరో రెండు జాతులైన కరెన్, కరెన్ని ప్రజలకు సరిహద్దు పొడవునా శిబిరాలు ఉన్నాయి. షాన్‌లకు మాత్రం థాయ్ ప్రభుత్వం శిబిరాలు తెరవలేదు. శిబిరం లేదు కనుక రేషన్ లేదు, శరణార్థి అన్న గుర్తింపు కూడా లేదు. అందువల్ల వాళ్ళు నారింజ తోటల్లో పురుగుమందు కొట్టే పనికి, చియాంగ్ మాయ్‌లో భవన నిర్మాణాలకు కూలీలుగా వెళ్ళారు. లెక్కల్లో వాళ్ళు ఆర్థిక వలసదారులు. ఆ రైతు ఇంటిని తగలబెట్టిన చేతులూ, మే లా శిబిరంలో ఉన్న కరెన్ రైతు ఇంటిని తగలబెట్టిన చేతులూ ఒకే సైన్యానివి.

కాబట్టి ‘డబ్బు కోసం వచ్చారు’ అన్న మాట విన్నప్పుడల్లా, వాళ్ళ ఊళ్ళో డబ్బు ఎందుకు లేకుండా పోయిందని అడగాలి. బర్మాలో పేదరికం వానలు పడక వచ్చినది కాదు. ఐరావతి డెల్టా ఒకప్పుడు ప్రపంచంలోనే అత్యధికంగా బియ్యం ఎగుమతి చేసిన ప్రాంతం. 1962 మార్చిలో జనరల్ నె విన్ అధికారాన్ని చేజిక్కించుకున్న తరువాత బ్యాంకులు, మిల్లులు, చివరకు చిన్న దుకాణాలు కూడా జాతీయం అయ్యాయి. రైతు పండించిన ధాన్యంలో ఇంత భాగం ప్రభుత్వం చెప్పిన ధరకే అమ్మాలన్న నిర్బంధం వచ్చి, మధ్యలో కొద్దికాలం మినహా 2003 వరకు కొనసాగింది. పంట పోయిన ఏడాది కూడా కోటా నింపాల్సిందే కనుక, బజారులో ఎక్కువ ధరకు కొని ప్రభుత్వానికి తక్కువ ధరకు అమ్మి అప్పులపాలైన రైతులు ఎందరో ఉన్నారు. 1987 సెప్టెంబరులో 25, 35, 75 క్యాట్ల నోట్లను రాత్రికి రాత్రే రద్దు చేశారు. మనకు 2016లో పాత నోట్లు బ్యాంకులో వేసుకునే గడువైనా ఉన్నది. అక్కడ అదీ లేదు, దాచుకున్న సొమ్ము చిత్తుకాగితమైంది. అదే ఏడాది చివర ఐక్యరాజ్యసమితి ఆ దేశాన్ని అత్యంత వెనుకబడిన దేశాల జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాది ఆగస్టు 8న విద్యార్థుల నాయకత్వంలో దేశమంతా లేచింది, వేలమంది చనిపోయారు. కాల్పుల నుంచి తప్పించుకున్న విద్యార్థులు, డాక్టర్లు, టీచర్లు అడవుల గుండా థాయ్ సరిహద్దుకు వచ్చారు. థాయ్ సరిహద్దు పట్టణం మే సోట్‌లో వలసవారికి ఉచితంగా వైద్యం చేసే మే తావో క్లినిక్‌ను 1989లో ప్రారంభించిన డాక్టర్ సింథియా మౌంగ్ అలా వచ్చినవారే. ఆమెకు 2002లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

ఇక వెట్టిచాకిరీ. సైన్యం ఎటు కదిలినా సామాన్లు మోయడానికి ఊరికి ఇంతమంది చొప్పున మనుషులను పట్టుకుపోయేవారు. రోడ్లకు, రైలుమార్గాలకు రాళ్ళు కొట్టించేవారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1998లో ఒక విచారణ సంఘం ద్వారా దీన్ని నిర్ధారించి, మాట వినని సభ్యదేశంపై చర్యకు వీలిచ్చే తన రాజ్యాంగంలోని 33వ అధికరణాన్ని చరిత్రలో మొదటిసారిగా 2000లో బర్మాపైనే ప్రయోగించింది. నెలలో వారం పది రోజులు జీతం లేకుండా సైన్యానికి పనిచేసే కూలివాడు మిగతా రోజుల్లో కుటుంబాన్ని పోషించలేడు. అలాంటివాడు పెట్టె సర్దుకుని సరిహద్దు దాటితే అతణ్ణి ఏ పేరుతో పిలవాలో మీరే చెప్పండి.

రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉన్నది. వలస 2021లో మొదలు కాలేదు, ఆ ఏడాది నుంచి దాని స్వరూపం మారింది. అంతకుముందు పదేళ్ళలో, అంటే 2011 తరువాత, కొంత ఆశ పుట్టింది. 2012 మేలో ప్రజాస్వామ్య నాయకురాలు ఆంగ్ సాన్ సూకీ 24 ఏళ్ళ తరువాత చేసిన తొలి విదేశీ పర్యటనలో బ్యాంకాక్ దగ్గరి మహాచాయ్‌లోని వలస కార్మికుల దగ్గరికి వచ్చారు. ఆమెను చూడటానికి వేలమంది ఆ ఇరుకు వీధుల్లో నిండిపోయారు. యాంగోన్ చుట్టూ కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలు వెలిశాయి, ఊళ్ళకు కరెంటు, సెల్‌ఫోన్ చేరాయి. అయినా థాయిలాండ్‌కు వచ్చేవారి సంఖ్య పడిపోలేదు. దానికి కారణం కూలి రేట్లలో కనిపిస్తుంది. 2018లో బర్మాలో కనీస వేతనం రోజుకు 4,800 క్యాట్లుగా నిర్ణయించారు. అప్పటి మారకంలో అది సుమారు మూడున్నర డాలర్లు. థాయిలాండ్‌లో కనీస వేతనం 2013 నాటికే 300 భాట్లు, అంటే దాదాపు పది డాలర్లు.

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారాన్ని లాక్కున్న తరువాత ఈ తేడా అగాధమైంది. తిరుగుబాటుకు ముందు డాలరుకు 1,330 క్యాట్ల దగ్గర ఉన్న మారకం రేటు 2024లో బజారులో 4,000 దాటింది. ఏవో భత్యాలు కలిపినా రోజు కూలి విలువ డాలరున్నర కూడా లేదు. ఆ కూలితో వంటనూనె, బియ్యం కొనాలి, పిల్లల మందులు కొనాలి. విదేశీ కంపెనీలు వెళ్ళిపోయాయి, బ్యాంకుల ముందు డబ్బు తీసుకోవడానికి తెల్లవారుజాము నుంచి క్యూలు కట్టారు. అయినా ఇంతకాలం వెళ్ళని వర్గాలు కూడా వెళ్ళడానికి అసలు కారణం డబ్బు కాదు. సైనిక పాలనకు వ్యతిరేకంగా జరిగిన సమ్మెలో పాల్గొన్న ప్రభుత్వ డాక్టర్లు, నర్సులు, లెక్చరర్లు, రైల్వే ఉద్యోగులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, వారంట్లు ఎదుర్కొన్నారు. మే సోట్‌లో గది అద్దెకు తీసుకుని తలుపు వేసుకుని బతికే ఇంజినీర్లను, టీచర్లను నేను చూశాను. వాళ్ళకు కూలి పని రాదు, వచ్చిన పని చేయడానికి చట్టం ఒప్పుకోదు.

ఆపైన 2024 ఫిబ్రవరి 10న నిర్బంధ సైనిక సేవా చట్టాన్ని అమలులోకి తెచ్చారు. ఆ చట్టం 2010 నుంచి పుస్తకాల్లో ఉన్నదే, దాన్ని బయటికి తీశారు. 18 నుంచి 35 ఏళ్ళ పురుషులు, 18 నుంచి 27 ఏళ్ళ స్త్రీలు దాని పరిధిలోకి వస్తారు. డాక్టర్ల వంటి వృత్తి నిపుణులకు వయసు పరిమితి ఇంకా ఎక్కువ. ప్రకటన వచ్చిన పది రోజుల్లోపే మాండలేలో పాస్‌పోర్టు ఆఫీసు ముందు తెల్లవారకముందే జరిగిన తొక్కిసలాటలో ఇద్దరు మహిళలు ప్రాణాలు కోల్పోయారు. యాంగోన్‌లోని థాయ్ రాయబార కార్యాలయం వీసా దరఖాస్తులకు రోజువారీ పరిమితి పెట్టవలసి వచ్చింది. ఆ ఏడాది మే నుంచి పురుషులకు విదేశీ ఉద్యోగ అనుమతులను ఆపేశారు. చట్టబద్ధమైన దారి మూసుకుపోయిన తరువాత మిగిలింది దళారి చూపించే దారి. తల్లిదండ్రులు బంగారం అమ్మి, పొలం తాకట్టు పెట్టి పంతొమ్మిదేళ్ళ కొడుకును సాగనంపడం ఇప్పుడు నగరాల్లోని మధ్యతరగతి ఇళ్ళల్లోనూ మామూలైంది. ఆ కుర్రవాడు థాయిలాండ్‌లోని సముత్ సాఖోన్‌లో చేపల ఫ్యాక్టరీలో చేరితే పత్రాల్లో అతను వలస కార్మికుడు. అతను పారిపోయింది మాత్రం తుపాకి పట్టవలసి వస్తుందని, తన ఊరి మీదనే కాల్చవలసి వస్తుందని.

దళారి దారి ఎంత ప్రమాదకరమైనదో చెప్పడానికి ఒక సంఘటన చాలు. 2008 ఏప్రిల్‌లో దక్షిణ థాయిలాండ్‌లోని రనోంగ్ దగ్గర సముద్రపు ఉత్పత్తులను తరలించే శీతల లారీలో 121 మందిని నిలబెట్టి కుక్కి తీసుకెళ్ళారు. చల్లగాలి యంత్రం ఆగిపోయింది. లోపలివారు గోడలు బాదినా లారీ సమయానికి ఆగలేదు. 54 మంది ఊపిరాడక చనిపోయారు, వారిలో ఎక్కువమంది స్త్రీలు. బతికి బయటపడినవారిని అక్రమంగా ప్రవేశించారన్న నేరం కింద పట్టుకున్నారు. ఈ ఘటన జరిగిన కొన్ని వారాలకే, మే 2న, నర్గీస్ తుపాను ఐరావతి డెల్టాను తుడిచిపెట్టింది. 1,38,000 మంది చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. పొలాల్లోకి ఉప్పునీరు చేరి, ఎడ్లు కొట్టుకుపోయి, విత్తనం కూడా లేని డెల్టా కుటుంబాలు అదే రనోంగ్ దారి పట్టాయి.

ఇప్పుడు ఈ జనం ఎక్కడెక్కడ, ఎలా బతుకుతున్నారో చెబుతాను. థాయిలాండ్‌లో పత్రాలు ఉన్నవారు, లేనివారు కలిపి సుమారు 40 లక్షల మంది బర్మా ప్రజలు ఉంటారని అంచనాలు ఉన్నాయి. బ్యాంకాక్‌కు నైరుతిగా ఉన్న మహాచాయ్‌లో రైలు దిగితే చెంపలకు థనకా అనే చెట్టు బెరడు లేపనం పూసుకున్న అమ్మాయిలు, మొహింగా అనే చేపల పులుసు నూడుల్స్ అమ్మే బండ్లు, బర్మా లిపిలో రాసిన సెల్‌ఫోన్ దుకాణాల బోర్డులు కనిపిస్తాయి. రొయ్యల షెడ్లలో తెల్లవారుజామునే పని మొదలవుతుంది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, తడి నేల మీద గంటల తరబడి నిలబడి, ఐసులో ఉన్న రొయ్యల తలలు తీసి పొట్టు వొలుస్తారు. జీతం కిలోల లెక్కన. రొయ్య ముల్లు గుచ్చుకున్న వేళ్ళు చీము పట్టి ఉబ్బితే చేతితొడుగు పట్టదు, తొడుగు లేకపోతే షెడ్డులోకి రానివ్వరు, రాని రోజుకు కూలి లేదు. క్లినిక్‌కు వచ్చే స్త్రీల చేతులు చూస్తే చాలు, ఏ విభాగంలో పనిచేస్తున్నారో చెప్పగలిగేవాళ్ళం. 2015లో అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరులు ఈ షెడ్లలోనూ, ఇండోనేషియా జలాల్లోని థాయ్ పడవల్లోనూ జరుగుతున్న బానిసత్వాన్ని బయటపెట్టారు. దాని ఫలితంగా 2,000 మందికి పైగా విముక్తి పొందారు, వారిలో అధిక భాగం బర్మావారే. తరువాత కొంత మార్పు వచ్చిన మాట నిజం. అయినా 2020 డిసెంబరులో మహాచాయ్ రొయ్యల మార్కెట్‌లో కోవిడ్ బయటపడగానే కార్మికుల వసతి భవనాల చుట్టూ ముళ్ళకంచె వేసి వేలమందిని లోపలే ఉంచేశారు.

ఈ కార్మికుల జీవితంలో అన్నింటికంటే విలువైన వస్తువు ఒక ప్లాస్టిక్ కవరు. అందులో థాయ్ ప్రభుత్వం ఇచ్చిన గులాబీ రంగు కార్డు, బర్మా ఇచ్చిన గుర్తింపు పుస్తకం, ఆరోగ్య బీమా రసీదు, ఊరి వార్డు ఆఫీసు నుంచి తెచ్చుకున్న కుటుంబ జాబితా జిరాక్సు ఉంటాయి. నిద్రపోయేటప్పుడు దాన్ని దిండు కింద పెట్టుకునేవారు ఉన్నారు. బర్మావారికి ఇంటిపేరు ఉండదు. తండ్రి పేరులోని ముక్క పిల్లల పేరులో ఉండాలన్న నియమం కూడా లేదు. దరఖాస్తు ఫారంలో మాత్రం పేరుకు ఒక గడి, ఇంటిపేరుకు ఒక గడి ఉంటాయి. మూడు ముక్కల పేరును ఒక గుమస్తా ఒకచోట విరిచి రాస్తాడు, మరో ఏడాది మరో గుమస్తా వేరేచోట విరుస్తాడు. పదేళ్ళ తరువాత ఆ స్త్రీ పని ప్రమాదానికి పరిహారం అడిగితే, బీమా కార్డు మీద ఉన్న మనిషీ పాస్‌పోర్టు మీద ఉన్న మనిషీ ఒకరే అని రుజువు చేయమంటారు. నా పనికాలంలో ఎక్కువ భాగం ఈ రుజువులు కూర్చడంలోనే గడిచింది. యజమాని కార్డును తన దగ్గరే ఉంచుకుంటే కార్మికురాలు రోడ్డు మీదికి రావడానికే భయపడుతుంది. యజమాని మారాలంటే నిర్ణీత గడువులోగా కొత్త యజమాని దొరకాలి, లేకపోతే కార్డు చెల్లదు. 2017 జూన్‌లో పత్రాలు లేని కార్మికులకు, వారిని పెట్టుకున్న యజమానులకు భారీ జరిమానాలు, శిక్షలు విధిస్తూ థాయిలాండ్ ఉత్తర్వు తెచ్చినప్పుడు కొద్ది రోజుల్లోనే పదుల వేలమంది భయంతో సరిహద్దుకు అవతల ఉన్న బర్మా పట్టణం మ్యావడీ వైపు పరుగెత్తారు. వారిలో చాలామంది ఆ తరువాత మళ్ళీ అప్పు చేసి మళ్ళీ వచ్చారు.

మే సోట్ గురించి తెలుగువారికి కొంత తెలిసే ఉంటుంది. ఆన్‌లైన్ మోసాల ముఠాల చేతుల్లో చిక్కిన మన యువకులను 2025 మార్చిలో భారత వాయుసేన విమానాల్లో తీసుకొచ్చింది అక్కడినుంచే. ఆ ముఠాల భవనాలు మోయి నదికి ఆవలి ఒడ్డున, మ్యావడీ చుట్టూ ఉన్నాయి. నది మీద స్నేహ వంతెన ఉన్నది, దాని కిందనే గాలి నింపిన ట్యూబుల మీద, చిన్న పడవల మీద జనం అటూ ఇటూ దాటుతూనే ఉంటారు. ఇటు ఒడ్డున డజన్ల కొద్దీ వలస పిల్లల బడులు ఉన్నాయి. థాయ్ మంత్రివర్గం 2005లో పత్రాలు ఉన్నా లేకున్నా ప్రతి పిల్లవాడికీ చదువు అందాలని తీర్మానించింది, అది మెచ్చుకోవలసిన నిర్ణయం. కాని తల్లిదండ్రులు తోట నుంచి తోటకు మారుతుంటే పిల్లవాడు థాయ్ బడిలో నిలవలేడు. అందుకే వలసవారు తమ బడులు తామే పెట్టుకున్నారు. 2024లో సురత్ థానీలో పిల్లలు రెండు దేశాల గీతాలూ పాడిన వీడియో బయటికి రాగానే అలాంటి ఒక బడిని మూయించారు. దానికి అంత కోపం ఎందుకు రావాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మలేషియాలో పరిస్థితి వేరు. ఆ దేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడిక మీద సంతకం చేయలేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చే కార్డు దొరికినా చట్టరీత్యా పనిచేసే హక్కు రాదు. కౌలాలంపూర్‌లోని పుడు ప్రాంతంలో, పశ్చిమ బర్మాలోని చిన్ రాష్ట్రం నుంచి వచ్చిన చిన్ ప్రజలు ఒక్కో ఫ్లాటులో అనేక కుటుంబాలుగా ఉంటారు, హోటళ్ళలో గిన్నెలు కడుగుతారు, ఆదివారం ప్రార్థన చేసుకునే గదిలోనే మిగతా రోజుల్లో పిల్లలకు చదువు చెబుతారు. 2021 ఫిబ్రవరి 23న, తిరుగుబాటు జరిగి మూడు వారాలు తిరిగిందో లేదో, కోర్టు తాత్కాలికంగా ఆపమని చెప్పినా 1,086 మందిని బర్మా నౌకాదళం పంపిన ఓడల్లో ఎక్కించి సైన్యానికే అప్పగించారు.

రఖైన్ రాష్ట్రపు ముస్లింలైన రోహింగ్యాల విషయం అన్నింటికంటే కఠినమైనది. మిగతావారికి పౌరసత్వం ఉండి దేశం వదలవలసి వచ్చింది, వీరికి ఆ పౌరసత్వాన్నే తీసివేశారు. 1978లో సుమారు 2 లక్షల మంది, 1991, 92లలో రెండున్నర లక్షల మంది బంగ్లాదేశ్‌కు తరలిపోయారు. ఆ రెండింటి మధ్య 1982లో వచ్చిన పౌరసత్వ చట్టం వారిని గుర్తింపు పొందిన జాతుల వరుసలో లేకుండా చేసింది. 2017 ఆగస్టు 25 తరువాత 7 లక్షల మందికి పైగా సరిహద్దులోని నాఫ్ నది దాటి బంగ్లాదేశ్‌కు వెళ్ళారు. హైదరాబాద్‌లో బాలాపూర్ పరిసరాల్లో గుడిసెల్లో ఉంటూ చిత్తుకాగితాలు ఏరుకునే, కూలికి వెళ్ళే కుటుంబాలు ఈ ప్రవాహంలోనివే. వారిలో చాలామంది 2012 నాటి రఖైన్ అల్లర్ల తరువాత వచ్చారు. వారి గురించి ఎవరు ఏమి మాట్లాడినా, వెనక్కి పంపితే వారిని తన పౌరులని ఒప్పుకునే ప్రభుత్వం అవతల లేదన్న సంగతిని విస్మరించి మాట్లాడకూడదు.

దీనికి పూర్తిగా భిన్నమైన స్వాగతం మిజోరాంలో దొరికింది. 2021 సెప్టెంబరు నుంచి చిన్ రాష్ట్రంలోని థాంట్‌లాంగ్ పట్టణాన్ని సైన్యం అంచెలంచెలుగా తగలబెట్టింది. జనం తియావ్ నది దాటి చంఫాయి జిల్లాకు వచ్చారు. చొరబాటును ఆపమని కేంద్ర హోంశాఖ ఆదేశించినా, నాటి ముఖ్యమంత్రి జోరమ్‌థంగా వాళ్ళు మా రక్తబంధువులని ప్రధానికి లేఖ రాశారు. యంగ్ మిజో అసోసియేషన్ వారు ఇంటింటికీ తిరిగి బియ్యం, కట్టెలు పోగుచేశారు. 30 వేల మందికి పైగా ఆశ్రయం పొందారు. చట్టం ఇవ్వని చోటును అక్కడ చుట్టరికం ఇచ్చింది.

ఇంకొంత దూరంలో ఉన్న సమాజాల గురించి క్లుప్తంగా చెబుతాను. టోక్యోలోని తకదనోబబాలో 1988 తరానివారు స్థిరపడ్డారు, ఇప్పుడు కొత్త తరం అక్కడికే చేరుతోంది. జపాన్‌లో బర్మావారి సంఖ్య లక్ష దాటింది, యాంగోన్‌లో జపనీస్ నేర్పే కోచింగ్ సెంటర్లు కిక్కిరిసిపోయాయి. సింగపూర్‌లో సెలవు రోజున పెనిన్సులా ప్లాజాకు వెళ్తే బర్మాలో ఉన్నట్టే ఉంటుంది. థాయ్ శిబిరాల నుంచి 2005 తరువాత అమెరికా 70 వేల మందికి పైగా తీసుకుంది. సెయింట్ పాల్‌లో కరెన్‌లు అలా పెరిగారు. ఇండియానాపొలిస్‌లోని చిన్‌లు ఎక్కువగా మలేషియా నుంచి వెళ్ళినవారు. 2025 జనవరిలో అమెరికా శరణార్థుల ప్రవేశాన్ని ఆపేసింది, జూన్‌లో బర్మా పౌరుల ప్రవేశంపై నిషేధం విధించింది. సామాన్లు సర్దుకుని, విమానం తేదీ కూడా తెలిసిన కుటుంబాలు శిబిరాల్లోనే నిలిచిపోయాయి.

నేను మీకు ప్రధానంగా చెప్పదలచుకున్నది ఏమిటంటే, వీళ్ళను తరిమిన ఒత్తిడి సరిహద్దు దగ్గర ఆగిపోదు, పాస్‌పోర్టు రూపంలో వెంట వస్తుంది. విదేశంలో చట్టబద్ధంగా ఉండాలంటే పాస్‌పోర్టు కావాలి, దాన్ని పునరుద్ధరించేది ఆ సైనిక ప్రభుత్వపు రాయబార కార్యాలయమే. 2023 సెప్టెంబరులో విదేశాల్లో పనిచేసేవారు సంపాదనలో నాలుగో వంతును ప్రభుత్వం గుర్తించిన బ్యాంకుల ద్వారానే పంపాలని నిబంధన తెచ్చారు. పంపనివారికి ఉన్న అనుమతి ముగిశాక మూడేళ్ళపాటు విదేశీ ఉద్యోగం లేకుండా చేస్తామన్నారు. బ్యాంకు ఇచ్చే రేటు బజారు రేటు కంటే తక్కువ కనుక, ఆ తేడా అంతా కార్మికురాలి చెమట నుంచి ప్రభుత్వ ఖాతాలోకి వెళ్ళే సొమ్ము. అదే ఏడాది విదేశీ ఆదాయం మీద ఉన్న పన్ను మినహాయింపునూ తొలగించారు. ఊరి మీద బాంబులు వేసే విమానానికి ఇంధనం కొనే డబ్బు తన జీతంలో నుంచే పోతున్నదని తెలిసి కూడా ఆ పన్ను, పాస్‌పోర్టు రుసుము కట్టి వచ్చిన మనుషులు నా ఎదుట కూర్చుని ఏడ్చారు. కట్టకపోతే కాగితం లేదు, కాగితం లేకపోతే అరెస్టు చేసి అదే ప్రభుత్వానికి అప్పగిస్తారు. అందుకే చాలామంది ఇంటికి పంపే మిగతా డబ్బును హుండీ దళారుల, అంటే బ్యాంకుతో పనిలేకుండా డబ్బు చేరవేసేవారి ద్వారా పంపుతారు. చేతిలో ఏ మాత్రం మిగిలినా నిర్వాసితులకు, ప్రతిఘటనకు చందాలు ఇస్తారు. టోక్యోలో, సియోల్‌లో వారాంతపు వంటల సంతలు జరిపి పోగుచేసిన సొమ్ము బర్మాలోని సగాయింగ్ ప్రాంతపు పల్లెలకు చేరుతుంది. 2025 మార్చి 28 నాటి భూకంపం తరువాత మొదట అందిన సాయాల్లో ఇలాంటి డబ్బు ఉన్నది.

మన ప్రాంతానికి సంబంధించిన ఒక సంగతిని ఇక్కడ ప్రస్తావించడం అసందర్భం కాదనుకుంటాను. ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి మన పెద్దలు ఒకప్పుడు ‘రంగం’, అంటే రంగూన్ (నేటి యాంగోన్) వెళ్ళి రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. వారిలో ఎందరో 1942లో జపాన్ బాంబుల కింద కాలినడకన తిరిగి వచ్చారు. మిగిలినవారిలో చాలామందిని నె విన్ ప్రభుత్వం 1964 తరువాత వట్టి చేతులతో ఓడలెక్కించింది. ఆ కాలంలో బర్మా వదిలిన భారతీయులు సుమారు 3 లక్షల మంది. వాళ్ళ దుకాణాలను లాక్కున్న ప్రభుత్వమే తన సొంత రైతుల ధాన్యాన్నీ లాక్కుంది. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు పెద్దలను అడిగితే, నగలు కూడా తీసుకుపోనివ్వని ఆ రోజుల గురించి చెబుతారు.

మీ మూడో ప్రశ్న తిరిగి వెళ్ళడం గురించి. వెళ్ళాలని దాదాపు అందరూ అంటారు. వెళ్ళగలరా అన్నది వేరే సంగతి. శాంతి చర్చలు జోరుగా నడుస్తూ, సూకీ పార్టీ అధికారంలో ఉన్న 2016 అక్టోబరులో థాయ్ శిబిరాల నుంచి ప్రభుత్వాల మద్దతుతో మొదటి బృందం తిరిగి వెళ్ళింది. అందులో ఉన్నది 71 మంది. శిబిరాల్లో అప్పటికి లక్ష మంది ఉన్నారు. మిగతావారు బద్ధకంతో ఆగలేదు. వాళ్ళ ఊళ్ళలో మందుపాతరలు ఉన్నాయి, 2023లో మందుపాతరల వల్ల ప్రపంచంలోనే అత్యధికంగా జనం చనిపోయిన, గాయపడిన దేశం బర్మాయే. వాళ్ళ పొలాలు కొన్నిచోట్ల రబ్బరు తోటలయ్యాయి, కొన్నిచోట్ల సైనిక స్థావరాలయ్యాయి. 2012 నాటి భూ చట్టాల ప్రకారం పత్రం లేని పొలాన్ని బీడుగా లెక్కించి ఇతరులకు ఇవ్వవచ్చు, పారిపోయినవాడి దగ్గర పత్రం ఎలా ఉంటుంది? థాయిలాండ్‌లో పుట్టిన పిల్లలకు థాయ్ భాష వచ్చినంతగా బర్మా రాదు. కాబట్టి కాల్పులు ఆగినంత మాత్రాన జనం తిరిగి రారు. భూమి మీద హక్కు, పిల్లల చదువుకు గుర్తింపు, మళ్ళీ పనికి వెళ్ళాలంటే స్వేచ్ఛగా వెళ్ళి వచ్చే వీలు దొరికితే చాలామంది ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ పెట్టి బతుకుతారు. ఇప్పటికీ మోన్ రాష్ట్రంలో ఎన్నో ఊళ్ళు అలాగే నడుస్తున్నాయి: ఇళ్ళు థాయ్ డబ్బుతో కట్టినవి, వాటిలో ఉండేది అవ్వాతాతలు, మనవలు.

చివరిగా ఒక కొత్త పరిణామం, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకు ఇది నేరుగా సంబంధించినది. అమెరికా సాయం ఆగిపోయి శిబిరాల్లో ఆసుపత్రులు మూతపడి, రేషన్ కోతపడిన తరువాత, 2025 ఆగస్టులో థాయ్ మంత్రివర్గం శిబిరాల్లో నమోదైన శరణార్థులు బయటికి వెళ్ళి చట్టబద్ధంగా పనిచేసుకోవచ్చని నిర్ణయించింది. నలభై ఏళ్ళుగా కంచె లోపల ఉంచిన మనుషులకు ఇది పెద్ద ఊరట, పనిచేయగల వయసులో ఉన్న 40 వేల మందికి పైగా దీనివల్ల మేలు జరుగుతుంది. అయితే ఇది పాత జాబితాల్లో పేరున్నవారికే. 2021 తరువాత వచ్చిన డాక్టరుకు, టీచరుకు, సైన్యంలో చేరకుండా పారిపోయి వచ్చిన పంతొమ్మిదేళ్ళ కుర్రవాడికి ఇది వర్తించదు.